కాలిన గొంతు ఎవరిది

"ఆసుపత్రి దగ్గర కాపలా కానిస్టేబుల్ని ఎందుకు తీసేశారు?" అన్నాను, అద్దె జీపు దిగుతూనే.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవీప్రసాద్ గెస్ట్ హౌస్ వరండాలో కుర్చీ వేయించుకుని, శాలువా కప్పుకుని, ఎస్టేట్ వాళ్ళు ఊరికే పోసిన కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. లేస్తాడని నేనూ అనుకోలేదు.

"ముద్దాయి దొరికాక కాపలా దేనికి మేడమ్? గవర్నమెంటు ఊరికే జీతాలివ్వదు."

"మీకిస్తోందిగా."

కాఫీ కప్పు కింద పెట్టాడు. నా పేరు పైడితల్లి. పోలీసు శాఖలో ఇలాంటివాళ్ళకి సెల్యూట్లు కొట్టీ కొట్టీ విసుగెత్తి, రాజీనామా మొహాన కొట్టి, విజయనగరంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాను. నేను వెళ్ళిపోయాక ఇతను సర్కిల్ అయ్యాడు. శాఖ ఎంత బాగుపడిందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

మొన్న సాయంత్రం, అనంతగిరి దాటాక ఉన్న ఈ కాఫీ ఎస్టేట్ గెస్ట్ హౌస్‌లో, వెనక మెట్ల కింద సోఫియా అనే అమ్మాయి తల పగిలి పడి ఉంది. పక్కనే స్నానాల నీళ్ళు కాచే పొయ్యిలో పెట్టెడు టేపు క్యాసెట్లు తగలబడుతున్నాయి. సోఫియా మిషన్ స్కూల్లో టీచరు. ఇక్కడ దిగిన పరిశోధన బృందానికి, బడి అయ్యాక వచ్చి టేపులు విని రాసిపెట్టే పని చేస్తోంది. ఇప్పుడు ఘాట్ రోడ్డు కింద మిషన్ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. తల్లి తెరిసమ్మ నిన్న నా దగ్గరికొచ్చింది.

"తోసినోడు మళ్ళీ వత్తాడమ్మా. నా గుంట సోపియా కళ్ళు తెరిత్తే పేరు సెప్పేత్తాది గదా. బేగి ఆడెవుడో పట్టుకోండమ్మా," అంది.

రెండు ముక్కల్లో కేసంతా చెప్పేసింది. పెద్ద చదువులు చదివిన ఈ సర్కిల్ బుర్రకి మాత్రం అది ఎక్కలేదు. తప్పుడు మనిషిని పట్టుకుని, అసలు మనిషికి ఆసుపత్రి తలుపు తెరిచి పెట్టాడు.

ఆ తప్పుడు మనిషి పోలీసు జీపులో వెనక కూర్చుని ఉన్నాడు. పేరు సోంబరు. గెస్ట్ హౌస్ వాచ్‌మన్, ఆ పొయ్యి మండించేవాడూ అతనే. చేతులకి సంకెళ్ళు, మణికట్ల మీద కాలిన బొబ్బలు.

"పన్నెండింటికి కోర్టులో పెడుతున్నాను," అన్నాడు దేవీప్రసాద్. "ఈ కొండవాళ్ళకో మూఢనమ్మకం ఉంది మేడమ్. గొంతు టేపులో పట్టుకుపోతే ప్రాణం కూడా పోతుందని. అందుకే కాల్చాడు. ఆ పిల్ల అడ్డొచ్చింది, తోశాడు."

"ఈ నమ్మకం సంగతి మీకెవరు చెప్పారు?"

"భానుశ్రీ మేడమ్. వీళ్ళ మీదే డాక్టరేట్ చేస్తున్నారు."

"సోంబరుని అడిగారా?"

"వాణ్ణడిగేదేముంది?"

భానుశ్రీ భోజనాల గదిలో ఉంది. ముప్ఫై దాటి ఉంటాయి. బల్ల మీద కాగితాలు, ఒక పెద్ద బిస్కెట్ల రేకు డబ్బా, టేపు రికార్డరు. నేను కూర్చున్నాక కూడా ఇంకో పేజీ చదివి, అప్పుడు తలెత్తింది.

"మీకు అర్థమయ్యేలా చెప్పడం కష్టం."

"ప్రయత్నించండి. నాకు అర్థం కాకపోతే అది మీ చేతకానితనం."

ఆవిడ పెదవులు బిగించి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ అసిస్టెంటు ఎజ్రా ఒక బొమ్మ చూపించి ఒక వాక్యం చెప్తాడు. 'పోలీసు దొంగకి టీ ఇచ్చాడు' అని. అదే సంగతి 'దొంగకి పోలీసు టీ ఇచ్చాడు' అని కూడా అనొచ్చు. తర్వాత ఎదుటి మనిషి ఇంకో బొమ్మ చూసి తన మాటల్లో చెప్పాలి. ఇప్పుడే చెవిన పడ్డ వాక్యం పోకడ తనకి తెలియకుండానే అతని నోటికొస్తుందా? అదీ ప్రశ్న. సోఫియా టేపులు విని, జవాబు మొదటి రకమైతే ఒకటి, రెండో రకమైతే రెండు, ఏదీ కాకపోతే సున్నా వేస్తుంది. దాన్నే కోడింగ్ అంటారు.

"అంటే విన్నదే మళ్ళీ అంటారా లేదా అని. దానికి కొండెక్కాలా? మా సర్కిల్ గారు స్టేషన్లో రోజూ చేసే పనే."

"మీతో మాట్లాడ్డం టైమ్ వేస్ట్," అంది భానుశ్రీ.

"ఆ డబ్బాలో ఏమున్నాయి?"

"కాపీలు. ఎజ్రా చెప్పిన వాక్యం సోఫియా వినకూడదు. వింటే ఆ ప్రభావంతో అంకె వేస్తుంది. అందుకని అసలు టేపుకి కాపీ తీసి, అందులో ఎజ్రా మాట్లాడిన చోటల్లా సౌండ్ తీసేస్తాం. జవాబు మాత్రమే వినిపిస్తుంది. అసలు టేపులకి ఎర్రచుక్క పెట్టి వేరే అట్టపెట్టెలో ఉంచుతాం. కాలినవి అవే."

"సౌండ్ తీసేదెవరు?"

"నేనే."

"ప్రశ్నలు కూడా ఒక్కోసారి మీరే అడుగుతారా?"

ఆవిడ మొదటిసారి నవ్వింది. చిన్నపిల్లల్ని చూసి నవ్వే నవ్వు. "అస్సలు కుదరదు. ఏ జవాబు వస్తే నా థీసిస్ నిలబడుతుందో తెలిసినదాన్ని నేను. నేను గదిలో ఉంటే మొత్తం చెల్లదు. ఒక్కసారి కూడా రికార్డింగ్ దరిదాపులకి వెళ్ళలేదు. అది మా క్రమశిక్షణ. మీ వృత్తిలో అలాంటిది ఉండకపోవచ్చు."

"మొన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"తలనొప్పితో నా గదిలో పడుకున్నాను. అరుపులు విని లేచాను."

"టేపులు పోయినందుకు బాధగా లేదా?"

"ఉంది. కానీ జవాబులన్నీ కాపీల్లో ఉన్నాయి. జనవరిలో థీసిస్ ఇచ్చెయ్యగలను."

సోఫియా ఎలా ఉందని ఆవిడ ఒక్క మాట అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నవాళ్ళలో ఈ రకాన్ని నేను చాలామందిని చూశాను, అందరూ హంతకులు కారు. అక్కడే నేనూ ఏమరిపోయాను.

దేవీప్రసాద్ తలుపు దగ్గరికొచ్చాడు. "శుభవార్త మేడమ్. ఆసుపత్రి నుంచి ఫోను. ఆ పిల్ల చెయ్యి కదిలించిందట. ఇవాళో రేపో మాట్లాడొచ్చంటున్నారు."

భానుశ్రీ చేతిలో పెన్ను ఆగింది. కాసేపటికి లేచింది. "పాపం, ఆ తల్లి రెండు రోజుల్నుంచి ఒక్కతే ఉంది. నేనెళ్ళి కాస్త తోడుంటాను."

"మనసంటే మీది," అన్నాడు దేవీప్రసాద్. "మా రెండో జీపు కిందికే వెళ్తోంది. దింపమంటాను."

తొమ్మిదిన్నరకి ఆవిడ బయల్దేరింది. మొహం కనపడకుండా పోతే చాలుననుకుని నేనూ ఊరుకున్నాను.

వెనక మెట్లు దిగితే రేకుల చావడి. మూడు రాళ్ళ మీద పెద్ద రాగి కాగు, దాని కింద పొయ్యి. బూడిదలో నల్లటి ప్లాస్టిక్ ముద్ద ఇంకా కంపు కొడుతోంది. దాని పక్కన క్యాసెట్ల అట్టపెట్టె. దేవీప్రసాద్ దాన్ని కాలితో చూపించాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని మూత తీశాను. క్యాసెట్లు పెట్టే ప్లాస్టిక్ డబ్బాలన్నీ వరసగా, నిటారుగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూశాను. అన్నీ ఖాళీ.

"భయపడి కాల్చేవాడు పెట్టెతో సహా పొయ్యిలో తోస్తాడు," అన్నాను. "ఇక్కడ కాల్చినవాడు ఒక్కో డబ్బా తెరిచి, లోపలి టేపు తీసి, డబ్బా మళ్ళీ మూసి, వరస చెదరకుండా సర్దాడు. పెట్టె చూస్తే నిండుగానే ఉందనుకోవాలని. ఈ ఓపిక మూఢనమ్మకానికి ఉంటుందా?"

"వాడు ఒప్పుకున్నాడు మేడమ్. కావాలంటే వినండి." దేవీప్రసాద్ కానిస్టేబుల్ చేత సోంబరుని దింపించాడు. "ఏరా, నువ్వే కదా టేపులు కాల్చావు?"

"నానే కదా బాబు," అన్నాడు సోంబరు నేల చూస్తూ.

"నువ్వే కదా పిల్లని తోశావు?"

"నానే కదా బాబు."

సర్కిల్ నావైపు గర్వంగా చూశాడు. నేను సోంబరు దగ్గరికెళ్ళాను. "సోంబరూ, సర్కిల్ గారే కదా టేపులు కాల్చింది?"

"సర్కిలు బాబే కదా అమ్మా."

కానిస్టేబుల్ దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"ఇదీ మీ ఒప్పుకోలు," అన్నాను దేవీప్రసాద్‌తో. "సోఫియా అయితే దీనికి సున్నా వేసి పక్కన పడేసేది. ఆ అమ్మాయి జీతం మీ జీతంలో పదో వంతు ఉండదు."

సోంబరుని అరుగు మీద కూర్చోబెట్టాను. "చేతులెలా కాలాయి?"

"కట్టెలకని ఎల్లొచ్చీసరికి పిల్ల పడున్నాదమ్మా. పొయ్యిలో టేపులు మండిపోతన్నాయి. సెయ్యెట్టి లాగినాను. ఏటీ రానేదు. మరి పిల్లని ఎత్తుకుని కేకలేసినాను."

"గొంతు టేపులో పడితే ప్రాణం పోతుందా?"

అతను మొదటిసారి తలెత్తి నన్ను తేరిపార చూశాడు. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "మా ఊరోళ్ళ పాట రేడియోలో వచ్చినాదమ్మా. ఎవుడూ సావనేదు."

"వీడింట్లో టేపు రికార్డరు కూడా ఉంది," అన్నాడు దేవీప్రసాద్. "దొంగసొత్తు. నేనే సీజ్ చేశాను."

"సొంత టేపు రికార్డరున్నవాడికి టేపంటే భయమా? మీరు చెప్పింది మీకైనా వినపడుతోందా?" నా గొంతు పెరిగింది. "ఇంకో మాట. రెండు రకాల టేపులూ ఒకే గదిలో ఉన్నాయి. రెంటిలోనూ కొండవాళ్ళ గొంతులున్నాయి. కాపీలు బిస్కెట్ డబ్బాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. అసలు టేపుల్లో ఉండి, కాపీల్లో లేనిది ఒక్కటే. ప్రశ్న అడిగినవాళ్ళ గొంతు. కాల్చినవాళ్ళకి జవాబులు కావాలి. ఆ గొంతు మాత్రం ఉండకూడదు."

దేవీప్రసాద్ నుదురు ముడతలు పడింది. ఆలోచన అతనికి అలవాటు లేని పని. "అడిగేది ఎజ్రా," అన్నాడు. "ఎజ్రాని లాక్కురండి."

చూస్తుండగానే సంకెళ్ళు సోంబరు చేతులనుంచి ఎజ్రా చేతులకి మారాయి. పొద్దున్నుంచి అరగంట ఆలోచించి ఉంటే ఇద్దరికీ వెయ్యక్కర్లేదని తెలిసేది. ఎజ్రా సన్నగా, మెడకి మఫ్లర్ చుట్టుకుని, పచ్చబారిన కళ్ళతో నిలబడ్డాడు. 

"మొన్న సాయంత్రం ఎక్కడున్నారు?" అన్నాను.

"టైడా చర్చిలోనండి. క్రిస్మస్ కేరల్స్ ప్రాక్టీసు. నాలుగున్నర నుంచి ఎనిమిదిదాకా. పాస్టర్ గారూ, పాడేవాళ్ళందరూ ఉన్నారు."

"సోఫియా పడింది ఆరింటికి ముందే," అన్నాను సర్కిల్‌తో. "సంకెళ్ళు తియ్యండి. లేకపోతే పాస్టరుకీ, కేరల్స్ బృందానికీ కూడా తెప్పించండి."

ఎజ్రాని భోజనాల గదికి తీసుకెళ్ళి, డబ్బాలోంచి కాపీలు తీయించాను. "మొదట్లో చేసినవి పెట్టు."

పెట్టాడు. చిన్న నిశ్శబ్దం, తర్వాత గంట చప్పుడు, తర్వాత ఒక ఆడమనిషి జవాబు. మళ్ళీ నిశ్శబ్దం, గంట, జవాబు. నిశ్శబ్దం ఒక వాక్యం చెప్పేంతసేపే ఉంది.

"ఇప్పుడు చివర్లో చేసినవి పెట్టు."

నిశ్శబ్దం. ఇంకా నిశ్శబ్దం. టేపు తిరుగుతూనే ఉంది. కానిస్టేబుల్ పాడైందేమోనని వంగి చూశాడు. అప్పుడు గంట మోగింది, ఒక ముసలాయన గబగబా వాక్యం అప్పజెప్పాడు. తర్వాతి జవాబుకీ అంతే.

"మాట చెరిపారు గానీ, మాటకి పట్టిన సేపు చెరపలేదు," అన్నాను. "ఒక్క వాక్యానికి ఇంతసేపా? ఇక్కడ ఎవరో పాఠం చెప్పారు. ఎజ్రా, ఏం చెప్పావు?"

"నేను కాదండి." ఎజ్రా టేపు ఆపాడు. "చివరి టేపులప్పుడు నాకు మలేరియా. మంచం మీదే ఉన్నాను. రికార్డింగులు ఆపేస్తానని మేడమ్ అన్నారు. లేచేసరికి టేపులు సిద్ధంగా ఉన్నాయి."

"ఎవరు చేశారని అడగలేదా?"

"జీతం ఇస్తున్నారు కదండి."

"సోఫియా అడిగిందా?"

ఎజ్రా తల దించుకున్నాడు. "మొన్న మధ్యాహ్నం అడిగిందండి. నువ్వింతసేపు ఏం మాట్లాడావని. నేను అసలు లేనన్నాను. అయితే అసలు టేపు వింటానని మేడమ్‌ని అడుగుతానంది. సాయంత్రం కలుస్తానంది."

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"నన్ను అడగలేదండి."

ఎవరూ ఎవర్నీ ఏమీ అడగకుండా రెండు రోజులు గడిపేశారు. సోఫియా ఒక్కతే అడిగింది, తల పగలగొట్టించుకుంది. ఈ పిరికి సన్నాసి చెంప పగలగొట్టాలనిపించింది.

దేవీప్రసాద్ మాత్రం తేరుకున్నాడు. "అంతా ఊహ మేడమ్. ఎజ్రా కాకపోతే ఇంకెవరో మాట్లాడారు. ఎవరు? అసలు టేపులు బూడిదయ్యాయి. కోర్టులో నిశ్శబ్దం వినిపిస్తారా?"

జీవితంలో మొదటిసారి అతను సరైన ప్రశ్న అడిగాడు. నేను గడియారం చూశాను. పది గంటల నలభై అయింది. అతను సోంబరుని జీపెక్కించమని సైగ చేశాడు.

గుమ్మం దగ్గర సోంబరు కదల్లేదు. "ఒకటి కాలనేదమ్మా," అన్నాడు.

అందరం అతనివైపు తిరిగాం.

"ఈ బాబులు టేపుకి ఒక పక్కే వాడతారు. రెండో పక్క ఊరికే వదిలీసినారు. పాపం గదా. మా సోములమ్మోళ్ళు దింసా బాగా పాడతారు. ఆ పాట రెండో పక్క పట్టుకుని, టేపు తెచ్చి మళ్ళీ ఎట్టీద్దారనుకున్నాను. డబ్బా అక్కడే ఉంచీసి, లోపలిది ఒకటి అట్టుకెల్లినాను. దొంగతనం కడతారని సెప్పనేదు."

"ఎక్కడుంది?"

"నా టేపు రికార్డర్లోనే ఉన్నాదమ్మా. అది సర్కిలు బాబు అట్టుకొచ్చీసినారు."

నేను దేవీప్రసాద్‌ని చూశాను. అతను కానిస్టేబుల్ని చూశాడు. కానిస్టేబుల్ జీపువైపు చూశాడు. సీటు కింద, గుడ్డలో కట్టి, లక్కముద్ర వేసి, రెండు రోజుల్నుంచి సోంబరు టేపు రికార్డరు ఉంది. అంటే ఈ మహానుభావుడు కేసులో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కాళ్ళ కింద పెట్టుకుని ఘాట్ రోడ్డంతా తిరిగాడు.

"ఒక్కసారి మీట నొక్కి చూడాలనిపించలేదా?"

"సీజ్ చేసిన వస్తువుని ముట్టుకోకూడదు మేడమ్. రూలు."

లక్క నేనే పగలగొట్టాను. అతను ఆపబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. లోపలి క్యాసెట్ మీద ఎర్రచుక్క ఉంది. మీట నొక్కాను. ఆడవాళ్ళు చేతులు కలిపి ఆడుతూ పాడే దింసా పాట వచ్చింది. సోంబరు సిగ్గుపడి తల దించుకున్నాడు. దేవీప్రసాద్ నవ్వాడు. నేను క్యాసెట్ తిప్పి పెట్టాను.

ఆ పక్క భానుశ్రీ గొంతు ఉంది.

"ఇలా కాదు. నీ సొంత పైత్యం వద్దు. నేనెలా చెప్తే అలాగే చెప్పాలి. 'పిల్లకి టీచరు పువ్వు ఇచ్చింది.' అను." ముసలాయన అన్నాడు. "మళ్ళీ అను." అన్నాడు. "ఆఁ. ఇప్పుడు గంట కొడతాను. కొట్టాక అదే అను. తప్పు లేకుండా అంటే ఉప్పు పొట్లం ఇస్తాను. ఇంతకంటే మీకేం వచ్చులే." గంట మోగింది. ముసలాయన తప్పు లేకుండా అన్నాడు.

రికార్డింగ్ దరిదాపులకే వెళ్ళలేదని ఆవిడ నాతో పొద్దున్నే చెప్పింది. తనకి కావలసిన జవాబులు తనే వాళ్ళ నోట్లో పెట్టి, తన గొంతు కాల్చేసి, జవాబులు మాత్రం దాచుకుంది. సోఫియా పొయ్యి దగ్గరికొచ్చి ఆ పని చూసింది.

"అరెస్టు చెయ్యాల్సిందే," అన్నాడు దేవీప్రసాద్ గంభీరంగా. "ఎక్కడుందావిడ?"

అతనే పంపించాడు. తన జీపులో, తన డ్రైవరుతో, సోఫియా మాట్లాడబోతోందని తన నోటితోనే చెప్పి పంపించాడు. ఆ మాట అనేలోపే హాల్లో ఫోను మోగింది. నేను పరిగెత్తి ఎత్తాను.

"అమ్మా, నాను తెరిసమ్మని. నా గుంట కళ్ళు తెరిసినాదమ్మా." ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. "దేవుడు కరుణించినాడు."

"మాట్లాడిందా తెరిసమ్మా?"

"ఇంకా నేదమ్మా. బానుసిరి మేడమ్ గారు వచ్చినారు. ఆవిడ్ని సూసి నా గుంట బెదిరిపోయినాది. మంచం మీంచి లెగిసిపోబోయినాది. నా ఏడుపు సూసే పిల్ల అలాగైపోతందని మేడమ్ గారు నన్ను బయటికెల్లమన్నారు. నువ్వెల్లి నాలుగు ఇడ్లీలు తిను, నాను సూసుకుంతానని తలుపేసీసుకున్నారు. మా మంచి మనిసమ్మా."

"తెరిసమ్మా, నువ్వెక్కడున్నావు?"

"గది బయటేనమ్మా. వరండాలో ఫోనుంది గదా."

"ఆ తలుపు తెరిపించు. కేకలెయ్యి. అందర్నీ పిలువు. నీ కూతుర్ని తోసింది ఆవిడే."

రిసీవరు జారి గోడకి కొట్టుకున్న చప్పుడు, పరిగెడుతున్న అడుగులు, తర్వాత రెండు చేతులతో తలుపు బాదుతున్న చప్పుడు వినిపించాయి. "సోపియా, ఒలే సోపియా" అని ఆవిడ అరుస్తోంది. దేవీప్రసాద్ నా పక్కన నిలబడి ఏమైంది, ఏమైందని అడుగుతున్నాడు. ఇక్కణ్ణుంచి ఆ తలుపుకి గంటన్నర దారి. నేను రిసీవరు చెవికి నొక్కిపట్టి విన్నాను. తలుపు బాదుతూనే ఉంది. లోపలినుంచి ఎవరూ పలకలేదు.